పాత స్పోర్ట్స్ కారుకు కొత్త ఈసీయూ: అనంతపురంలో ఉండి ఏది ఎంచుకోవాలి?

హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6, ఫోర్డ్ ఐకాన్ 1.6, మిత్సుబిషి లాన్సర్, కార్బురేటర్ కాలం నాటి మారుతి ఎస్టీమ్. మన ఊళ్లలో పాత స్పోర్ట్స్ కారు అంటే ఎక్కువగా ఇవే. ఎవరి షెడ్‌లోనైనా రెండు సీట్ల శాన్ స్టార్మ్ ఉంటే వాళ్లు అదృష్టవంతులు. ఇలాంటి బండిని ఇష్టపడి ఉంచుకున్న ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది: కంపెనీ ఈసీయూ (పెట్రోల్ ఎంత పోయాలో, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో లెక్కించే ఇంజిన్ కంప్యూటర్) తీసేసి బయటి ఈసీయూ పెట్టిద్దామా? పెడితే ఏది?

వీడియోలు చూస్తే ఇంకా తికమక అవుతుంది. అందులో చెప్పేవాళ్లు ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో ఉంటారు. కారును రోలర్ల మీద నడిపి ఇంజిన్ శక్తిని కొలిచే డైనో వాళ్లకు వీధి చివరే ఉంటుంది. మనకేమో దగ్గరి డైనోకు పోవాలన్నా రెండు వందల కిలోమీటర్లు దాటాలి. అందుకే నా లెక్కలో ఏ బాక్స్ కొనాలన్నది రెండో ప్రశ్న. దాన్ని ట్యూన్ చేసేదెవరు, ఆ తర్వాత మన ఊళ్లో చెడితే చూసేదెవరు అన్నదే మొదటి ప్రశ్న. ఈ రెండింటికీ జవాబు దొరికితే బాక్స్ దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

## ముందు చూసుకోవాల్సినవి

### ట్యూనింగ్ ఏ ఊళ్లో?

అనంతపురం నుంచి బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి మీద 210 కిలోమీటర్ల పైచిలుకు. కర్నూలు నుంచి హైదరాబాద్ కూడా దాదాపు అంతే. కడప వాళ్లు బెంగళూరుకో చెన్నైకో పోవాలి. దూరం సంగతి అందరికీ తెలిసిందే. ఎత్తు సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అనంతపురం 340 మీటర్ల దగ్గర ఉంది. అక్కడ గాలి ఒత్తిడి 91 కిలోపాస్కల్స్ చుట్టూ ఉంటే ఇక్కడ 97. టర్బో లేని ఇంజిన్‌ను బెంగళూరు డైనో మీద ఎంత తొక్కినా మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) ఒత్తిడి ఆ 91 దాటదు. కాబట్టి ఫ్యూయల్ టేబుల్‌లో (ఏ ఒత్తిడికి, ఏ ఆర్‌పీఎంకు ఎంత పెట్రోల్ పోయాలో రాసిన పట్టికలో) 95, 100 కిలోపాస్కల్స్ వరసలను అక్కడ ఎవరూ పరీక్షించలేరు. కారు తీసుకుని పెనుకొండ దాటి కిందికి వచ్చి, అనంతపురం బైపాస్‌లో ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇంజిన్ సరిగ్గా ఆ చూడని వరసల్లోకే వెళ్తుంది. సిలిండర్‌లోకి పోయే గాలి ఎక్కువ, పైగా ఎండకు కాగిన గాలి. నాకింగ్‌కు (మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే మండి ఇంజిన్‌ను దెబ్బతీయడానికి) ఈ రెండూ కలిసొస్తాయి.

దీనికి మందు ఉంది. ట్యూనర్‌ను ముందే అడగండి: 90 వరసలోని అంకెల పోకడను చూసి 95, 100 వరసలు నింపుతారా? అక్కడ ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఇచ్చే క్షణం) ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి పెడతారా? గాలి ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ టైమింగ్ తగ్గించే టేబుల్ నింపుతారా? ఇంటికొచ్చాక లాగ్ (నడిపేటప్పుడు ఈసీయూ నమోదు చేసే అంకెలు) తీసి పంపిస్తే చూసి సరిచేస్తారా? ఆఖరి ప్రశ్నకు "ఆ అవసరమే రాదు సార్" అనేవాళ్ల దగ్గర డబ్బు పెట్టొద్దు. కర్నూలు, హైదరాబాద్ మధ్య ఎత్తు తేడా దీంట్లో సగమే, అందుకే వాళ్లకు ఈ ఇబ్బంది కొంత తక్కువ.

### పెట్రోల్ మారింది, పాత మ్యాప్ మారలేదు

2002 నాటి కారుకు కంపెనీ రాసిన మ్యాప్ (ఈసీయూలోని పట్టికలు) ఇథనాల్ లేని పెట్రోల్‌కు రాసింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మామూలు పెట్రోల్ సరిగ్గా మండడానికి బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 చాలు. ఈ20కి ఈ లెక్క 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అదే గాలికి ఎనిమిది శాతం పైచిలుకు ఎక్కువ ఇంధనం పోయాలి.

మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కార్లలో కంపెనీ ఈసీయూ ఈ తేడాను తనే సర్దుకుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో చాలా పాత ఈసీయూలు సెన్సర్ మాట వినవు, టేబుల్‌లో ఉన్నదే పోస్తాయి. బండి అక్కడ లీన్‌గా, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేకుండా, నడుస్తుంది. "పుల్లింగ్ పోయింది అన్నా, ఈసీఎం పోయినట్టుంది" అనే ఫిర్యాదుల్లో (ఈసీఎం అన్నా ఈసీయూయే) కొన్ని నిజానికి ఇంధనం మారినందువల్ల వచ్చినవే.

ఇక్కడే ఇంకో చిన్న విషయం. వైడ్‌బ్యాండ్ గేజ్ (పొగలోని ఆక్సిజన్‌ను బట్టి గాలి, పెట్రోల్ నిష్పత్తి చూపేది) పెట్టించుకుంటే దాన్ని లాంబ్డాలో చదవండి; ఏ ఇంధనానికైనా గాలి సరిగ్గా సరిపోతే లాంబ్డా 1. ఈ20 పోసినా, ఇంకేది పోసినా, లాంబ్డా 1 దగ్గర ఆ గేజ్ 14.7 అనే చూపిస్తుంది. అది లాంబ్డాను లోపల 14.7తో గుణించి చూపడమే. పెట్రోల్ అంకెలు పట్టుకుని ఈ20ని ట్యూన్ చేస్తే తల తిరుగుతుంది.

ఏ ఈసీయూ పెట్టినా పెట్టకపోయినా, ఇంత పాత కారులో ఫ్యూయల్ హోస్‌లు మాత్రం ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి. ఎండకు గట్టిపడ్డ పాత రబ్బరుకు ఇథనాల్ తోడైతే పగుళ్లు వస్తాయి. ఇంజిన్ బేలో పెట్రోల్ కారడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

### ఎండ, ఏసీ

మే నెలలో అనంతపురం నుంచి బయల్దేరి గుత్తి దగ్గర టీకి ఆపారనుకోండి. పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే బండి స్టార్టయి, ఐడ్లింగ్ ఊగిసలాడి, ఆగిపోతుంది. మళ్లీ కొడితే మళ్లీ అంతే. బయటి ఈసీయూ పెట్టిన కార్లలో ఇది మామూలుగా కనిపించే జబ్బు. గాలి ఉష్ణోగ్రత చూసే సెన్సర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోహంలో బిగించి ఉంటుంది. ఇంజిన్ ఆపాక ఆ లోహం కాగి, సెన్సర్ 70 డిగ్రీలు చూపిస్తుంది. లోపలికొచ్చే గాలి అంత వేడిగా లేకపోయినా, గాలి పలచగా ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ కోసేస్తుంది. సెన్సర్‌ను థ్రాటిల్ బాడీకి ముందున్న ప్లాస్టిక్ పైపులోకి మార్చాలి. గాలి తక్కువగా కదిలేటప్పుడు ఆ సెన్సర్ మాటకు విలువ తగ్గించే సెట్టింగ్ కూడా వాడాలి. ఈ సెట్టింగ్ ఉందా, ట్యూనర్ దాన్ని ముట్టుకుంటాడా అన్నది అడిగి తెలుసుకోవాలి. చల్లటి ఊళ్లో ట్యూన్ చేసేవాళ్లకు ఇది తట్టకపోవచ్చు.

ఏసీ సంగతి మరీ ముఖ్యం. ఏసీ స్విచ్ వేయగానే ఐడ్లింగ్ పెంచడం, ఫుల్ థ్రాటిల్‌లో కంప్రెసర్‌ను ఒక క్షణం వదిలేయడం, రేడియేటర్ ఫ్యాన్‌ను తిప్పడం, ఇవన్నీ చాలా కార్లలో ఈసీయూ చేసే పనులే. పాతది తీసేస్తే కొత్తది ఇవన్నీ చేయాలి. వీడియోల్లో కనిపించే ట్రాక్ కార్లకు ఏసీ ఉండదు కాబట్టి ఈ మాట అక్కడ రాదు. కొటేషన్‌లో ఏసీ, ఫ్యాన్, ఐడిల్ వాల్వ్ అని విడిగా రాయించుకోండి. లేకపోతే ఏసీ లేకుండా తాడిపత్రి దాకా పోయి చూడండి, తెలుస్తుంది.

### ఇంజిన్ ఎక్కడుందో ఈసీయూకు తెలిసేదెలా

క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఏ కోణంలో ఉందో చెప్పే సెన్సర్, దాని పళ్ల చక్రం. దీన్నే ట్రిగ్గర్ అంటారు. కొన్ని కార్లలో 36 పళ్లలో ఒకటి లేని చక్రం, కొన్నింటిలో 60లో రెండు లేనిది, మరికొన్నింటిలో డిస్ట్రిబ్యూటర్ లోపలే సెన్సర్లు. మీరు కొనే ఈసీయూ మీ ఇంజిన్ ట్రిగ్గర్‌ను చదవగలదా అన్నది కొనకముందే తేల్చుకోవాలి. అయస్కాంత సెన్సర్ అయితే రెండు వైర్లు తారుమారైనా బండి స్టార్ట్ కావచ్చు. కానీ టైమింగ్ తప్పు చూపిస్తుంది, పై ఆర్‌పీఎంలో సింక్ (పళ్ల లెక్క) తప్పి మిస్సింగ్ కొడుతుంది. స్క్రీన్ మీద 10 డిగ్రీలు అని ఉంటే, టైమింగ్ లైట్ పెట్టి పుల్లీ మీద కూడా 10 ఉందో లేదో చూసేదాకా డైనో ఎక్కించకూడదు.

## దారులు ఐదు

### 1. ఏదీ మార్చకుండా, ఉన్నదాన్ని బాగుచేయడం

ఇది చెబితే చాలామందికి నిరాశగా ఉంటుంది. కానీ కొత్త ఈసీయూ కావాలని వచ్చేవాళ్లలో కొందరికి నిజంగా కావాల్సింది ఇదే. ఇరవై ఏళ్ల వైరింగ్‌లో ఎర్త్ పాయింట్లు తుప్పు పట్టి ఉంటాయి. మల్టిమీటర్‌ను ఇంజిన్ బ్లాక్‌కు, బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టి చూడండి. అర వోల్టు పైన చూపిస్తే ఎర్త్ బాగాలేదు. థ్రాటిల్ సెన్సర్ అరిగి ఉండొచ్చు, ఇంజెక్టర్లు మూసుకుపోయి ఉండొచ్చు, పెట్రోల్ పంప్ ఒత్తిడి తగ్గి ఉండొచ్చు. మన దగ్గర కార్లలో ఓబీడీ (ఈసీయూ తన లోపాలను స్కానర్‌కు చెప్పే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2010 నుంచే. అంతకు ముందు బండికి మామూలు స్కానర్ పెడితే చాలాసార్లు మాట్లాడదు. అది చూసి "ఈసీఎం డెడ్" అని తేల్చేస్తే ఎలా?

ఇంజిన్ స్టాక్‌గానే, అంటే కంపెనీ ఇచ్చినట్టే, ఉంటే ఈ పని చేయించి ఆగండి. ఆ తర్వాత ఏ దారి పట్టినా ఈ ఖర్చు వృథా కాదు. పాడైన సెన్సర్ల మీద ఏ ఈసీయూ పెట్టినా అది పాడైన లెక్కలే వేస్తుంది.

### 2. కంపెనీ ఈసీయూలోనే మ్యాప్ మార్చడం

బాక్స్ అదే, లోపలి అంకెలు మారతాయి. కొన్ని పాత ఈసీయూల్లో చిప్ ఊడదీసి కొత్తది పెట్టాలి, కొన్నింటిని బెంచ్ మీద పెట్టి రాయాలి. వైరింగ్ ముట్టుకోరు, ఏసీ, మీటర్లు, ఇమ్మొబిలైజర్ (చిప్ ఉన్న తాళం లేకుండా బండిని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) అన్నీ యథాతథంగా పనిచేస్తాయి. ఈ20కి ఫుల్ థ్రాటిల్ ఇంధనం సరిచేయడానికి, కొద్దిగా మార్చిన ఇంజిన్‌కు ఇంతకన్నా శుభ్రమైన దారి లేదు.

చిక్కు ఏమిటంటే ఆ ఈసీయూ లోపల ఏ అంకె ఎక్కడుందో తెలిసినవాళ్లు కావాలి. తొంభైల హోండా ఈసీయూలకు హొండేటా లాంటి సంస్థల పుణ్యమా అని పెద్ద జ్ఞానం పోగైంది. అయితే అది అమెరికా, జపాన్ ఈసీయూల చుట్టూ పెరిగింది. ఇక్కడ అమ్మిన మోడల్‌లో ఉన్న బాక్స్ అదే అని అనుకోవద్దు, పార్ట్ నంబర్ చూపించి అడగండి. "ఫైల్ ఉంది, ఎక్కిస్తాం" అనే చోట, ఆ ఫైల్ ఏ ఇంజిన్‌కు, ఏ పెట్రోల్‌కు రాసిందో చెప్పించండి. మీ కారును వైడ్‌బ్యాండ్ పెట్టి నడిపి చూడకుండా రాసిన మ్యాప్ మీ కారుది కాదు.

### 3. పిగ్గీబ్యాక్

కంపెనీ ఈసీయూకు, ఇంజిన్‌కు మధ్య కూర్చునే చిన్న బాక్స్. బెంగళూరు కంపెనీ రేస్ డైనమిక్స్ తయారుచేసే పవర్‌ట్రానిక్ మన దగ్గర ఎక్కువగా వినిపించే పేరు. ఇంజెక్టర్, ఇగ్నిషన్ సంకేతాలను దారిలో పట్టుకుని కొంచెం పెంచడమో తగ్గించడమో చేస్తుంది. తీసేస్తే కారు మళ్లీ స్టాక్. బాక్స్ తయారైన ఊరు దగ్గరే ఉండటం మనకు నిజమైన లాభం, చెడితే విమానం ఎక్కించాల్సిన పని లేదు.

లోపం దాని స్వభావంలోనే ఉంది. ఇది పెట్రోల్ పెంచితే, మామూలు నడకలో కంపెనీ ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ చూసి మెల్లగా తగ్గించేస్తుంది. ఇద్దరు డ్రైవర్లు ఒక స్టీరింగ్ పట్టుకున్నట్టు. అందుకే ఫుల్ థ్రాటిల్‌లో మాత్రమే మార్పు చేసేలా పెడితే బాగా పనిచేస్తుంది, అంతటా మార్చబోతే గొడవ. కొనేముందు మీ మోడల్‌కు తయారైన వైరింగ్ ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే వైర్లు కోసి అతకాలి, అప్పుడు "తీసేస్తే స్టాక్" అన్న లాభం సగం పోయినట్టే. కంపెనీ ఈసీయూయే పాడైతే ఈ దారి పనికిరాదు, ఇది దాని మీద ఆధారపడి బతికేది.

### 4. ఓపెన్ సోర్స్, చేత్తో చేసుకునే స్టాండలోన్

స్టాండలోన్ అంటే కంపెనీ ఈసీయూ బదులు ఇంజిన్‌ను తనే నడిపే ఈసీయూ. ఇక్కడ వినిపించే పేర్లు మెగాస్క్విర్ట్, స్పీడ్యూయినో, రస్ఈఎఫ్ఐ. మెగాస్క్విర్ట్‌ను బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో 2001లో మొదలుపెట్టారు. బోర్డు తెచ్చుకుని సాల్డరింగ్ చేసి బిగించుకునే పద్ధతిని జనంలోకి తెచ్చింది అదే. స్పీడ్యూయినో ఆర్డుయినో మెగా బోర్డు మీద నడుస్తుంది. మూడింటినీ ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తో ట్యూన్ చేయొచ్చు, అందుకే ఒకటి నేర్చుకుంటే మిగతావి కొత్తగా అనిపించవు.

ఇక్కడ బోర్డు ఖర్చు వేలల్లోనే. ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లు దీనివైపు మొగ్గు చూపడంలో ఆశ్చర్యం లేదు. వాళ్లకు ఇది సరైన దారే. ట్రిగ్గర్ అంటే ఏమిటి, ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం బ్యాటరీ వోల్టేజీతో ఎలా మారుతుంది, కాయిల్‌కు ఎన్ని మిల్లీసెకన్లు కరెంటు ఇవ్వాలి, ఇవన్నీ తప్పనిసరిగా తెలిసివస్తాయి. కార్బురేటర్ ఎస్టీమ్‌ను ఇంజెక్షన్‌కు మార్చాలనుకునేవాళ్లకు కూడా ఇది చవకలో మంచి దారి. ఎలాగూ వైరింగ్ అంతా కొత్తగా వేయాల్సిందే కాబట్టి పాతదాన్ని కోసే బాధ లేదు.

మరో వైపు చూద్దాం. ఇది మీరే నడపాల్సిన సంసారం. బోర్డు మీద ఒక భాగం పోతే వెతికి పట్టుకోవాల్సింది మీరే. మన ఎండకు, గతుకులకు, గనుల దుమ్ముకు తట్టుకునేలా డబ్బాలో బిగించాల్సిందీ మీరే. పొరపాటున కూడా ఇంజిన్ బేలో పెట్టొద్దు, డ్యాష్‌బోర్డ్ కింద కాలు తగలని చోటే దాని స్థానం. మరో మాట, వాణిజ్య ఈసీయూల మీద చేయి తిరిగిన ట్యూనర్లు కొందరు వీటిని ముట్టుకోరు. "మీరు తెచ్చింది అయితే గ్యారంటీ ఇవ్వను" అంటారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది న్యాయమే, గంటల లెక్కన డైనో నడిపేవాళ్లు మీ సాల్డరింగ్ లోపాలు వెతుకుతూ కూర్చోలేరు.

### 5. వాణిజ్య స్టాండలోన్

ఆస్ట్రేలియా హాల్‌టెక్, న్యూజిలాండ్ లింక్, స్వీడన్ మ్యాక్స్‌ఈసీయూ, పోలాండ్ ఈసీయూమాస్టర్. కంపెనీ ఈసీయూ పూర్తిగా పోతుంది, ఇంజిన్ అంతా దీని చేతిలోకి వస్తుంది. నాక్ సెన్సర్‌ను వినడం, ఆయిల్ ఒత్తిడి పడిపోతే ఇంజిన్ ఆపేయడం, ఇంధనం లీన్ అయితే ఆర్‌పీఎం కోసేయడం లాంటి రక్షణలు వీటిలో చాలావాటికి ఉంటాయి. నా మటుకు నాకు అశ్వశక్తి కన్నా ఈ రక్షణలే ఇంత డబ్బుకు అసలు కారణం. పాత ఇంజిన్‌కు బేరింగ్ పోతే మళ్లీ దొరికేది కష్టం కదా.

బాక్స్, రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపితే లక్ష సులభంగా దాటుతుంది. అది బాక్స్ వరకే. వైరింగ్ హార్నెస్, సెన్సర్లు, వైడ్‌బ్యాండ్, డైనో గంటలు, బెంగళూరుకు ఫ్లాట్‌బెడ్ అయితే దాని కిరాయి, ఇవన్నీ కలిపితే బాక్స్ ధరకు రెట్టింపు దగ్గరికి పోయినా ఆశ్చర్యపోవద్దు. విదేశాల్లో కొన్ని కార్లకు నేరుగా ప్లగ్ అయ్యే బాక్సులు అమ్ముతారు. ఇక్కడ అమ్మిన మోడళ్లకు అవి సరిపోవడం అరుదు, మనకు యూనివర్సల్ రకమే గతి.

ఈ నాలుగు పేర్లలో ఏది మంచిదని వాదించుకోవడం దండగ. మీరు ఎంచుకున్న ట్యూనర్ రోజూ చేత్తో పట్టుకునేది ఏదో అదే మీకు మంచిది.

## ఒక్క చూపులో

| | ఉన్నది బాగుచేయడం | మ్యాప్ మార్చడం | పిగ్గీబ్యాక్ | ఓపెన్ సోర్స్ | వాణిజ్య స్టాండలోన్ |
|---|---|---|---|---|---|
| ఖర్చు | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | బోర్డు చవక, మీ సమయం ఎక్కువ | చాలా ఎక్కువ |
| మన ఊళ్లో చూసేవాళ్లు | మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చాలు | అవసరం తక్కువ | కొంతవరకు | మీరే | ఫోన్‌లో ట్యూనర్, చేతిలో లాప్‌టాప్ |
| ఈ20కి సర్దుబాటు | మామూలు నడకలో మాత్రమే | బాగుంటుంది | ఫుల్ థ్రాటిల్‌లో బాగుంటుంది | పూర్తిగా | పూర్తిగా |
| ఏసీ, ఇమ్మొబిలైజర్ | అలాగే ఉంటాయి | అలాగే ఉంటాయి | అలాగే ఉంటాయి | ఏసీ సెట్ చేయాలి, ఇమ్మొబిలైజర్ పోతుంది | ఏసీ సెట్ చేయాలి, ఇమ్మొబిలైజర్ సాధారణంగా పోతుంది |
| టర్బో, పెద్ద క్యామ్ | కుదరదు | కొంతవరకే | కొంతవరకే | కుదురుతుంది | దీనికోసమే ఉన్నది |
| మళ్లీ స్టాక్‌కు | ఎప్పుడూ స్టాకే | సులభం | సులభం | కష్టం | కష్టం |

ఇమ్మొబిలైజర్ వరసను తేలిగ్గా తీసుకోవద్దు. తాళం చెవిలో చిప్ ఉన్న కార్లలో దొంగను ఆపేది పాత ఈసీయూయే. అది తీసేస్తే మామూలు తాళంతో బండి స్టార్ట్ అవుతుంది. పెట్రోల్ పంప్ వైరుకు ఎవరికీ కనిపించని స్విచ్ ఒకటి పెట్టించుకోండి.

## ఎవరికి ఏది

రోజూ ఆఫీసుకు, వారాంతం పుట్టపర్తికో గండికోటకో పోయేవాళ్లు, ఇంజిన్ స్టాక్: మొదటి దారి. అది చేశాక కూడా పై ఆర్‌పీఎంలో లీన్ అని వైడ్‌బ్యాండ్ చెబితే రెండోది. మీ ఈసీయూకు మ్యాప్ మార్చేవాళ్లు దొరక్కపోతే మూడోది. ఇంతకు మించి పోయే అవసరం వీళ్లకు నాకు కనిపించదు. ఇంట్లో ఒకటే కారు ఉన్నవాళ్లు నాలుగు, అయిదు దారుల జోలికి అసలు పోవద్దు. ట్యూనింగ్ పూర్తయ్యేదాకా బండి వారాల తరబడి నిలబడిపోవచ్చు.

కంపెనీ ఈసీయూ నిజంగానే కాలిపోయి, పాత మార్కెట్‌లో కూడా దొరకనివాళ్లు: ఇది వేరే కథ. ముందు ఈసీయూ బోర్డు రిపేరు చేసేవాళ్ల దగ్గరికి పంపించి చూడండి. చాలాసార్లు పోయేది ఒక కెపాసిటరో, ఇంజెక్టర్‌ను నడిపే ట్రాన్సిస్టరో. అదీ కాకపోతే స్టాండలోన్ తప్ప దారి లేదు. డబ్బు తక్కువైతే నాలుగోది, కానీ దాన్ని అర్థం చేసుకునే మనిషి ఒకరు మీ ఊళ్లోనే ఉండాలి.

నేర్చుకోవాలని ఉన్నవాళ్లు, రెండో కారు షెడ్‌లో ఉన్నవాళ్లు: నాలుగోది. కంపెనీ హార్నెస్‌ను కోయకుండా, పాత ఈసీయూ కనెక్టర్‌కు సరిపోయే అడాప్టర్ చేసుకుంటే మళ్లీ వెనక్కి రావచ్చు. పాడైన ఈసీయూ ఒకటి పాత సామాన్ల అంగట్లో దొరికితే దాని కనెక్టర్ విప్పి వాడుకోవచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే బేస్ మ్యాప్ ఇంజిన్ స్టార్ట్ కావడానికి మాత్రమే. దానితో హైవే ఎక్కితే పిస్టన్ల మీద పందెం కాసినట్టే.

టర్బో పెట్టాలనుకునేవాళ్లు, కోయంబత్తూరు, చెన్నై ట్రాకులకు పోయేవాళ్లు: అయిదోదే. దీంట్లో రాజీ పడొద్దు. టర్బో కారులో మానిఫోల్డ్ ఒత్తిడి బయటి గాలి మీదే ఆధారపడదు కాబట్టి బెంగళూరు మ్యాప్‌లో ఖాళీ వరసల సమస్య చాలావరకు తగ్గుతుంది. మన వేడి మాత్రం అలాగే ఉంటుంది. ఇంటర్‌కూలర్ తర్వాత గాలి ఉష్ణోగ్రత ఎంతవరకు పోతోందో లాగ్‌లో చూసుకోవాలి.

కార్బురేటర్ కారు ఉన్నవాళ్లకు ఒక మాట. స్టార్టింగ్ ట్రబుల్ ఒక్కటే బాధ అయితే కార్బురేటర్‌కు కొత్త గాస్కెట్ కిట్, జెట్‌లు వేయించి ఈ20కి సర్దించండి. ఇంజెక్షన్‌కు మార్చడమంటే ఈసీయూ ఒక్కటే కాదు. అధిక ఒత్తిడి పంప్, రిటర్న్ లైన్, ట్యాంకులో మార్పు, ట్రిగ్గర్ చక్రం, థ్రాటిల్ బాడీ, అన్నీ వస్తాయి.

## చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. ఇంజిన్ మార్చడం, ఇంధనం రకం మార్చడం లాంటివాటికి ఆర్టీవో అనుమతి కావాలి. ఈసీయూ బయటికి కనిపించదు కాబట్టి ఎవరూ అడగరని చాలామంది ధీమా. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ సమయంలో ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగూ కావాలి. బీఎస్2, బీఎస్3 పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదు. ఐడ్లింగ్‌ను రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) వదిలేసిన ట్యూన్ అయితే ఇక్కడే దొరికిపోతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయొద్దు, వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ను దానికి ముందు బిగించాలి. ఆ సెన్సర్ మొన కిందికి ఉండేలా, అడ్డంగా పడుకోబెట్టకుండా కనీసం 10 డిగ్రీలు వాలుగా పెట్టించండి. లేకపోతే లోపల చేరే తేమకే అది పగిలిపోతుంది.

ఇన్సూరెన్స్ వాళ్లకు మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా ఉంటే క్లెయిమ్ సమయంలో అదే వాళ్లకు సాకు అవుతుంది.

## డబ్బు కట్టే ముందు

ట్యూనర్‌తో మాట్లాడేటప్పుడు నేను పట్టుబట్టేవి కొన్ని ఉన్నాయి. మ్యాప్ ఫైల్ కాపీ, పాస్‌వర్డ్‌తో సహా మన చేతికి రావాలి. కొందరు లాక్ చేసి ఇస్తారు, రేపు వాళ్ల షాపు మూసేస్తే మీ కారు కూడా మూసేసినట్టే. వైరింగ్ డయాగ్రం కాగితం మీద కావాలి, ఏ పిన్‌కు ఏ రంగు వైరు అన్నది రాసి ఉండాలి. దాని జిరాక్స్ ఒకటి గ్లవ్‌బాక్స్‌లో, ఒకటి మీ ఊరి ఎలక్ట్రీషియన్ దగ్గర. అతుకులు టేపు చుట్టినవి కాకుండా సరైన పనిముట్టుతో క్రింప్ చేసినవి అయి ఉండాలి. సెన్సర్ల ఎర్త్ వైర్లు ఈసీయూకే చేరాలి, దగ్గరున్న బోల్టుకు కలపకూడదు.

ఇంటికి తెచ్చాక మొదటి వారం లాప్‌టాప్ పక్కన పెట్టుకుని లాగ్ తీయండి. డ్రైవ్ చేసేది ఒకరు, స్క్రీన్ చూసేది ఇంకొకరు అయి ఉండాలి. పొద్దున్నే చల్లటి స్టార్ట్ ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఏసీ వేసి టవర్ క్లాక్ చుట్టుపక్కల ట్రాఫిక్‌లో ఒకటి, వేడెక్కిన ఇంజిన్ పావుగంట ఆపి మళ్లీ స్టార్ట్ చేసింది ఒకటి. లోడ్ మీద చూడాలంటే కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ బాగుంటుంది, కాకపోతే లారీల రద్దీ లేని వేళ చూసుకుని, స్పీడ్ లిమిట్‌లోనే. మూడో గేర్‌లో ఎక్కుతుంటే 80 నుంచి 95 కిలోపాస్కల్స్ వరకు వరసలన్నీ ఎక్కువ వేగం లేకుండానే లాగ్‌లోకి వస్తాయి. ఆ ఫైళ్లు ట్యూనర్‌కు పంపి, సరిచేసిన మ్యాప్ తిరిగొచ్చాకే చివరి విడత డబ్బు ఇవ్వండి.